రాడ్ బ్రేకుల సైకిల్

మూడేళ్ళ కిందటి తుపాను నీళ్ళలో కొట్టుకుపోయాడని అందరూ నమ్మిన భీమన్న జాడ వెతుక్కుంటూ అతని భార్య దేవవ్వ ఒమాన్‌లోని బర్కాకు వచ్చిందనీ, ఒక ఒమానీల ఇంట్లో వంటపనికి కుదిరి, వీసా గడువు తీరేదాకా కనిపించిన ప్రతి మనిషినీ అడిగిందనీ చదువుకున్నాం. మనిషి దొరకలేదు. శవమూ దొరకలేదు. ఇక ఊళ్ళో మామ పోచన్న కొడుక్కి దినాలు చేయడానికి రోజు చూసిపెట్టాడు. కోడలు వచ్చి నలుగురిలో కూర్చుని బొట్టూ గాజులూ తీయించుకోవాలి. ఆమెను ఒప్పించే భారం, బర్కా బజారులో సైకిళ్ళు బాగుచేసే అల్లుడు నర్సయ్య మీద పెట్టాడు. దేవవ్వ విమానం ఎక్కవలసిన శుక్రవారం రానే వచ్చింది.

ఆ ఉదయం ఎండ ఇంకా షాపు గడప దాటకముందే గంగాధరం కారు వచ్చి ఆగింది. ఆయన కాకినాడ మనిషి, మస్కట్‌లో ఇంజనీరు. చలికాలం వస్తే చాలు, సెలవు రోజున బిగుతు బట్టలు వేసుకుని సైకిల్ మీద ఊళ్ళు తిరుగుతాడు. కారు వెనక నుంచి పచ్చ రంగు పాత సైకిల్ ఒకటి దించి గోడకు ఆనించాడు.

“మా ఇంటావిడ దీన్ని తుక్కంది నర్సయ్యగారూ. మీరైనా సైకిల్ అనండి.”

“తుక్కే సారూ,” అన్నాడు నర్సయ్య, దాని చుట్టూ ఒకసారి తిరిగి. “గని మంచి తుక్కు. ఉక్కు గట్టిగున్నది.”

“అదీ మాటంటే! చూసినవాడికి తాతగారి సైకిల్‌లా ఉండాలండి. ఎక్కి తొక్కితే మాత్రం నిన్ననే షోరూములోంచి వచ్చినట్టు పోవాలి. ఈ వంపు హ్యాండిలు, గంట, తోలు సీటు, చైన్ కవరు అన్నీ ఉంచేయండి. చక్రాలు మటుకు తేలికవి వేయాలి. గేర్లు పైకి కనబడకుండా వెనక చక్రం ఇరుసులోనే ఉండేవి తెప్పించాను. దీని మీద సముద్రం పక్కనుంచి సూర్ పట్నం దాకా వెళ్ళాలని ఉంది.”

“మీకు గంత మంచి అల్యూమినం సైకిల్ ఉన్నది గద సారూ?”

“ఉందండి. దాని మీద ఒక పూట తొక్కితే నా వెన్నుపూసలు నేనే లెక్కపెట్టుకోవచ్చు. ఉక్కు అలాక్కాదు. గతుకు వస్తే తను కొంచెం సాగి మనిషిని మోస్తుంది.”

“మరి ఈ రాడ్ బ్రేకులు?”

“ఉంచండి. అవే అందం.”

“పని చెయ్యయి సారూ. తడైతే ఇనుప రిమ్ముకు పట్టనే పట్టయి. మీరు తెచ్చిన కొత్త చక్రం చిన్నది, దానికైతే అసలు అందనే అందయి.”

“పనిచేసే బ్రేకులు వేరే పెడదాం. ఇవి ఊరికే కనబడితే చాలు.”

నర్సయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. “కనబడేటందుకు ఒక జత, ఆగేటందుకు ఒక జత! పెండ్లికి పోయెటోడు తలపాగ మీద హెల్మెట్ పెట్టుకున్నట్టున్నది సారూ.”

“నవ్వండి, నవ్వండి. తయారయ్యాక మీరే ఫొటో తీసుకుంటారు.” గంగాధరం కారెక్కబోతూ మళ్ళీ వెనక్కి వచ్చాడు. “అన్నట్టు, ఆ ముందు కడ్డీ మీద తాడుతో అల్లిన చిన్న సీటు ఉంది చూడండి, దాన్ని మాత్రం కోసేయకండి. భలే ఉంది. ఊరి బయట తోటలో మా స్నేహితులింట్లో భోజనం చేసి సాయంత్రం వస్తాను.”

ఆయన వెళ్ళిపోయాడు. నర్సయ్య తాడు సీటు వైపు ఒక చూపు చూసి వదిలేశాడు. ఈ షాపులో అతనికి రోజూ కనిపించే వింత ఒకటుంది. క్యాంపుల నుంచి వచ్చే కూలీలు పాత సైకిళ్ళు నెట్టుకుంటూ వచ్చి, గేర్లున్న సైకిల్ వస్తే చెప్పు అన్నా అని ఆశగా అడుగుతారు. కార్లున్నవాళ్ళు దిగివచ్చి, తాతల నాటిది దొరుకుతుందా అంటారు. ఎవరి దగ్గర లేనిది వాళ్ళకు ముద్దు కాబోలు అనుకుని పనిలో పడ్డాడు.

సైకిల్‌ని తలకిందులు చేసి ముందు చక్రం ఊడదీశాడు. ఫోర్కు పైన, హ్యాండిల్ కింద కీలు దగ్గర నూనె గుడ్డతో తుడుస్తుంటే బొటనవేలికి ఏదో గట్టులాగా తగిలింది. వేలు అక్కడే ఆగిపోయింది.

స్క్రూడ్రైవర్ మొనతో గీకాడు. పచ్చ రంగు లేచింది. దాని కింద నలుపు. నలుపు కింద ఇత్తడి పసుపుపచ్చగా మెరిసింది. అర్ధచంద్రం ఆకారంలో అరగదీసిన మాటు. ఆ మాటు అతనిదే. బావా, ఖర్జూరం బస్తాలు మోసి మోసి మెడ విరిగింది దీనికి అని భీమన్న నవ్వుతూ ఈ గడపలోనే దించితే, లోపల ఇనుప గొట్టం ముక్క దూర్చి, ఇత్తడి పోసి, ఆకురాయితో ఇలా నునుపు చేసింది తనే.

నర్సయ్య స్టూలు మీద కూలబడ్డాడు.

భీమన్న అతని భార్యకు తమ్ముడు. ఊళ్ళో ఈతచెట్లు గీసిన చేయి. ఇక్కడ ఖర్జూర తోటలో చెట్లెక్కడానికి మనిషి కావాలంటే తనే రప్పించాడు. తుపాను వచ్చిన రోజు వాగు దిగువన తోటలో మేకలున్నాయని, వాటిని విప్పి వస్తానని ఈ సైకిల్ మీదే వెళ్ళాడు. పోతూ పోతూ అన్న మాట, “సాయంత్రం చైన్‌కు నూనె పెట్టు బావా, కిర్రుమంటున్నది.” అంతే. మళ్ళీ రాకుండా పోయేవాళ్ళ చివరి మాట ఎప్పుడూ ఇలాంటిదే అయి ఉంటుంది. అది చివరిదని తెలిస్తే ఇంకేమైనా అడిగి ఉండేవాళ్ళం కదా అని, ఉన్నవాళ్ళు జన్మంతా దాన్నే తిప్పి తిప్పి చూసుకుంటారు.

అప్పుడు నల్లగా ఉండేది ఈ సైకిల్. వాగులో కొట్టుకుపోయి ఎక్కడో తేలితే ఎవరో ఏరుకుని, పచ్చ రంగు పూసి అమ్ముకుని ఉంటారు. సైకిల్ ఒడ్డుకు చేరింది, మనిషి చేరలేదు. ఇంతకంటే రుజువేం కావాలి?

దేవవ్వకు దీన్ని చూపించాలా, గోనెపట్టా కప్పి దాచాలా? చూపిస్తే గుండె పగులుతుంది. చూపించకపోతే ఊళ్ళో నలుగురు పెద్ద ఆడవాళ్ళు ఆమె చేతులు పట్టుకుని బలవంతంగా గాజులు పగలగొట్టవలసి వస్తుంది. ఒప్పుకోని మనసును అలా లాగడం నర్సయ్య చిన్నప్పుడు ఒకసారి చూశాడు. ఆ కేక ఇప్పటికీ చెవిలో ఉంది. అంతకంటే తన ముందు, తన షాపులో, తనంతట తను నమ్మడమే నయమనుకున్నాడు. కానీ సైకిల్‌ని తిప్పి గోడకు ఒరిగించి, పట్టా తెచ్చి కప్పే పెట్టాడు.

మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు ముగిసి బజారులో షట్టర్లు లేస్తుండగా దేవవ్వ వచ్చింది. పైన తొడుక్కున్న నల్ల అబాయా తీసి చేతి మీద వేసుకుంది. నుదుట బొట్టు కాసంత ఉంది. చేతిలో ఖర్జూరాల డబ్బా.

“ఊళ్ళె వదినెకు ఏమన్న పంపుతవా అన్నా? సామాన్ల ఇంకా జాగ ఉన్నది. మేడం ఇచ్చిన దుప్పట్లు రెండూ ఈడనే ఇడిసిపెట్టిన. మోసేటోళ్ళెవరు?”

“కూసో చెల్లె. చాయ్ తాగుతవా?”

“డ్రైవర్ పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే వస్తడట. పాస్‌పోర్టు ఆయన దగ్గరనే ఉన్నది, విమానం కాడనే చేతికిస్తరట. నేనేదో ఉరికిపోతనని వాళ్ళ భయం.” నవ్వబోయి నవ్వలేకపోయింది. “మామ ఫోన్ చేసిండా?”

“చేసిండు. నువ్వు ఒప్పుకున్నవా అని అడుగుతున్నడు.”

“నాకు ఆయన చచ్చినట్టు అనిపిస్తలేదు అన్నా. నేనేం చెయ్య? చచ్చిపోతే కలల కన్న వస్తరు గద. ఒక్కసారి కూడ రాలే.”

నర్సయ్య లేచాడు. పట్టా కొస పట్టుకుని ఒక క్షణం ఆగి, లాగేశాడు. ఆమెకు వివరం చెప్పాడు. గీకిన చోట వేలు పెట్టించాడు. “ఇది నా మాటు చెల్లె. ఇట్ల పోసి ఇట్ల అరగదీసెటోడు ఇంకొకడు ఈ దేశంల లేడు. నీళ్ళల్ల పోయి ఎట్లనో బయటపడ్డది. ఇగ మనసు రాయి చేసుకో.”

దేవవ్వ కేక పెట్టలేదు. సైకిల్ పక్కన నేల మీద కూర్చుంది. హ్యాండిల్ పట్టుకుంది. రబ్బరు పట్టు అరిగిపోయిన చోట ఎంతోసేపు అరచేయి అలాగే ఉంచింది. నర్సయ్యకు ఆమె మొహంలోకి చూసే ధైర్యం లేక, ఊడదీసిన చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.

“మేకల కోసం పాణం ఇడిసిండు,” అంది చివరికి. “గవ్వి మేకలన్న ఆయనవా?”

ఇంకా కాసేపటికి తనే కొంగు తీసి, నుదుటి మీద అడ్డంగా ఒక్కసారి రాసుకుంది. బొట్టు పోయింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ చెప్పలేదు. నర్సయ్య “చెల్లె, ఇప్పుడే ఎందుకు, ఊళ్ళె...” అని ఆగిపోయాడు.

“ఊళ్ళె అందరు చూడంగ ఎందుకు? చెయ్యమను అన్నా. దినాలు చెయ్యమను. నేనేం అననిగ.”

లేవడానికి ఆసరా కోసం చేయి వేసింది. ఆ చేయి ముందు కడ్డీ మీద తాడు సీటు మీద పడింది. లేవబోయిన మనిషి లేవలేదు. అల్లిక మీద వేళ్ళు మెల్లగా నడిచాయి, కళ్ళులేని వాళ్ళు మొహం తడిమినట్టు.

“ఇది ఎవరు అల్లిన్రు?”

“ఏమో చెల్లె. కొన్నోళ్ళు ఎవరో.”

“ఇది ముత్తాదు అల్లిక.”

ముత్తాదంటే చెట్టెక్కేటప్పుడు గీతకార్మికుడి నడుముకి ఆనే వెడల్పాటి పట్టె. మనిషి బరువంతా దాని మీదే ఉంటుంది. ఒక్కొక్క ఇంటి అల్లిక ఒక్కొక్క తీరు. నర్సయ్యదీ అదే కులమే, కానీ పదేళ్ళప్పుడే మెట్‌పల్లిలో సైకిల్ షాపులో చేరి, ఒక్కనాడూ చెట్టెక్కలేదు. చెట్టెక్కని గౌడు అని మామ ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. పొద్దుటి నుంచి అతని కళ్ళు ఇత్తడి మాటునే చూశాయి గాని తాడును చూడలేదు.

దేవవ్వ ఒక ముడి వెతికి పట్టుకుని కొస లాగింది. ఎంత బరువేసినా జారని ఆ ముడి, కొస తెలిసిన చేతికి ఇట్టే విడిపోయింది. సీటు వరసలు వరసలుగా ఊడి ఆమె ఒళ్ళో పడింది. కడ్డీ బయటపడింది. తాడు కింద ఎండ తగలని చోట పచ్చ రంగు నిన్న వేసినట్టు నిగనిగలాడుతోంది.

ఇద్దరూ ఆ పచ్చదనాన్నే చూశారు.

“నీళ్ళల్ల పోయినప్పుడు నల్లగ ఉండె,” అంది దేవవ్వ. “పచ్చరంగు ఏసినంక అల్లిండు ఇది.”

“ఇంకెవరన్న అల్లిన్రేమో...”

“మా మామ ఇంటి అల్లిక అన్నా. రెండు పొరలు పోయి మూడో పొర కింద నుంచి వస్తది. అత్తమ్మ నాకు నేర్పింది. నేను ఆయన కోసం అల్లిన.”

అప్పుడే గంగాధరం కారు వచ్చి ఆగింది. దిగుతూనే ఊడిపోయిన తాడు చూసి ఆయన మొహం చిన్నబోయింది. “అయ్యో, విప్పేశారా? చెప్పాను కదండీ!” అన్నాడు. అంతలో నేల మీద కూర్చున్న మనిషిని చూసి, నుదురు చూసి, గొంతు తగ్గించాడు. “ఎవరండీ ఈవిడ?”

“మా చెల్లె సారూ. ఈ సైకిల్ మీకు ఏడ దొరికింది?”

“దుబాయ్ వైపు సరిహద్దున, బురైమిలోనండి. పాత సామాన్లు అమ్మే మలబారీ ఒకాయన దగ్గర. ఏం, దొంగ సొత్తా?”

“ఆయనకెట్ల వచ్చిందట?”

“ఎవరో మన తెలుగు కుర్రాడేనట, సరిహద్దు పక్కన తోటలో చెట్లెక్కే పని చేస్తాడట. పోయిన నెల వచ్చి ఇది ఇచ్చేసి గేర్ల సైకిల్ తీసుకెళ్ళాడట. నేనూ అడిగానండీ, ఇంత చక్కటి సీటు వదిలేశాడేమిటని. పిల్ల పెద్దదైంది, ఇక వెనకాల క్యారియర్ మీద కూర్చుంటుంది అన్నాడట.”

గంగాధరానికి తను ఏం చెప్పాడో తెలియదు. ఇద్దరి మొహాలూ చూసి, ఏదో జరిగిందని మాత్రం తెలిసింది. కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

దేవవ్వ ఒళ్ళోని తాడును చుట్ట చుట్టసాగింది. నిదానంగా, వంటింట్లో పని ముగించుకుంటున్నట్టు.

“ఎనుక కూసునే పిల్లంటే నాలుగేండ్లన్న ఉంటది,” అంది. “తుపానొచ్చి ఎన్నేండ్లాయె అన్నా?”

నర్సయ్య వేళ్ళ మీద లెక్కపెట్టాడు, మూడేళ్ళు. తుపానుకు ముందు భీమన్న ప్రతి శుక్రవారం తోటలో పని ఉందని ఎక్కడికో వెళ్ళివస్తుండేవాడు. అప్పుడు అడగాలని తోచలేదు.

“మంచిగనే ఉన్నడన్న మాట,” అంది మళ్ళీ. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని నర్సయ్యకు అనిపించింది. పోయాడనుకుని ఏడ్చిన ఏడుపుకు ఒక తీరుంటుంది, పక్కన కూర్చునేవాళ్ళుంటారు. ఉన్నాడని తెలిసి ఏడ్చేదానికి ఎవరు వచ్చి కూర్చుంటారు?

ఆమె లేచి గంగాధరం ముందు నిలబడింది. “సారూ, నన్ను ఆ మలబారాయన దగ్గరికి తీస్కపోతరా?”

“ఇప్పుడాండీ?” ఆయన నర్సయ్య వైపు చూశాడు. “రెండు మూడు గంటల దారి. తీసుకెళ్ళకేం. మా ఆవిడ తోటలోనే ఉంది, ఆమెను కూడా ఎక్కించుకుంటాను. కానీ...”

“ఏం మాట్లాడుతున్నవ్ చెల్లె?” నర్సయ్య గొంతు పెంచాడు. “ఇంకింతసేపైతే డ్రైవర్ వస్తడు. విమానం తప్పితే వీసా పాయె. పాస్‌పోర్టు వాళ్ళ చేతుల్లనే ఉండె. ఏ కాగితం లేకుండ తిరిగితే పట్టుకుపోయి లోపలేస్తరు. ఖల్లివెల్లి అయితవ్!”

పని ఇచ్చిన వాళ్ళను వదిలి పారిపోయి, దొంగచాటుగా బతికేవాళ్ళకు ఇక్కడ అందరూ పెట్టిన పేరది. ఆ పేరు వింటే ఎంత మొండివాళ్ళైనా తగ్గుతారు. దేవవ్వ తగ్గలేదు.

“ఆయన అయ్యి ఇన్నొద్దులు బతకలేదా అన్నా? నేను ఒక్క పూట అయిత. ఆయన ముందట నిలబడి ఒక్క మాట అడిగి వస్త.”

“ఏమడుగుతవ్?”

“తెల్వది. చూసినంక తెలుస్తది.”

“మరి దినాలు?”

“చేసుకోమను. అద్దంటలేను.” ఆమె చేతిలోని తాడు చుట్టను గట్టిగా ముడేసింది. “నా దగ్గర నుంచి పోయినోడు పోయినోడే గదా.”

మొహం కడుక్కుంటానని షాపు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళింది. గంగాధరం భార్యకు ఫోన్ చేసుకుంటూ కారు దగ్గరికి నడిచాడు. నర్సయ్య ఒక్కడే మిగిలాడు. ఒక చక్రం లేక సైకిల్ గోడకు ఒరిగి ఉంది. దాన్ని నిలబెట్టాలని కూడా అతనికి తోచలేదు. ఆమెను ఆపాలా, తోడు వెళ్ళాలా, డ్రైవర్ వస్తే ఏం చెప్పాలి? ఊళ్ళో కొడుకు పోయాడని ఇన్నాళ్ళూ మంచం పట్టిన ముసలాయనకు, నీ కొడుకు బతికే ఉన్నాడని ఏ నోటితో చెప్పాలి? ఆ మాట ఆయన్ని బతికిస్తుందా, చంపుతుందా?

జేబులో ఫోన్ మోగింది. ఊరి నంబరే.

“అల్లుడా!” పోచన్న గొంతు ఆయాసంగా ఉంది. “ఏమాయె? దేవవ్వ ఒప్పుకున్నదా?”

నర్సయ్య పెదవులు తడుపుకున్నాడు. సంగతంతా చెప్పాలనుకున్నాడు. కానీ నోట్లోంచి ముందుగా వచ్చింది ఆమె అన్న మాటే. “ఒప్పుకున్నది మామా. దినాలు చేసుకోమన్నది.”

అవతల ముసలాయన పెద్దగా ఊపిరి వదిలాడు. ఏడుస్తున్నాడో, మరేమిటో తెలియలేదు.

“పాణం నిలబెట్టినవ్ బిడ్డా. ఇగ సీదా విమానం ఎక్కియ్యి. ఎవ్వల్తోని మాట్లాడనియ్యకు. ఆ బురైమి ముచ్చట మాత్రం ఆమె చెవులవడనియ్యకు.”

నర్సయ్య ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడిపోయాడు. తను బురైమి పేరు ఎత్తనే లేదు.

వెనక నుంచి అడుగుల చప్పుడైంది. తడి మొహం కొంగుతో తుడుచుకుంటూ దేవవ్వ వచ్చి ఎదురుగా నిలబడింది.

“ఎవరు అన్నా, మామనా?” అంటూ చేయి చాపింది. “ఇటియ్యి. పోయే ముందల నేను మాట్లాడుత.”